రేపు పొద్దున్నే వస్తా బాబాయ్!

తెనాలిలో మా ఇంటికి నాకంటే రెండేళ్లు వయసెక్కువ. స్లాబ్ కారుతోంది, బాత్రూమ్ గోడలు చెమ్మెక్కాయి. ఏప్రిల్‌లో ఓ కాంట్రాక్టర్‌కి లక్షా 90 వేలకి పని అప్పజెప్పాం. 40 రోజులన్నాడు. మూడు విడతల్లో లక్షా 20 వేలు తీసుకున్నాడు.

మొదటి పది రోజులు బాగానే జరిగింది. పైన పాత గచ్చు పగలగొట్టారు, టైల్స్ ఊడబీకారు. ఆ తర్వాత కూలీలు ఊరెళ్లారు. ఇసుక రాలేదు. అమావాస్య వచ్చింది. విచిత్రమేంటంటే, ఫోన్ మాత్రం ఎత్తుతాడు. ‘రేపు పొద్దున్నే వస్తా బాబాయ్’ అంటాడు. మా ఆఫీసులో రోజూ ఇదే స్టేటస్ చెబితే మూడో రోజుకి ప్రాజెక్ట్‌లోంచి తీసేస్తారు!

జూన్‌లో వానలు మొదలయ్యాయి. గచ్చు లేని స్లాబ్ ఎలా కారుతుందో చెప్పక్కర్లేదు. మోకాళ్ల నొప్పులతో అమ్మ రోజూ స్నానానికి పక్కింటికి వెళ్లొస్తోంది. అయినా నాన్నకి మొహమాటం. ‘వాళ్ల నాన్నే మనిల్లు కట్టాడురా. ఇప్పుడు వీణ్ని పొమ్మని ఎలా అంటాం?’

నాతో చదివిన ఫ్రెండ్ వాళ్లక్క లాయర్. ఆలస్యమైందని ఉన్నపళంగా రద్దు చేసేయొద్దంది. గడువే ముఖ్యమని ముందుగా రాసుకోకపోతే, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం అతనే ఎదురు తిరగొచ్చట. ముందు రాతపూర్వకంగా న్యాయమైన గడువివ్వాలి. అదీ దాటితే రద్దు. నేను 15 రోజులిచ్చాను. స్పీడ్ పోస్ట్‌లో ఒక కాపీ, వాట్సాప్‌లో ఒకటి. ఈలోపు వేరే మేస్త్రీని తీసుకొచ్చి అయిన పని కొలిపించాం. ఫొటోలు, వీడియోలు తీశాం. ఆయన లెక్కలో అయిన పని విలువ 65 వేలు.

‘తమ్ముడూ, మనలో మనకి నోటీసులేంటి?’ అని ఫోన్ చేశాడు.

‘అన్నా, మనిషిని పంపు, నోటీసు చించేస్తా’ అన్నాను.

16వ రోజు రద్దు ఉత్తరం పంపాను. రావాల్సిన 55 వేలకి లెక్క జతచేశాను. సామాన్లు పట్టుకెళ్లడానికి వారం టైమిచ్చాను. ఆ సాయంత్రం నాన్న నాతో మాట్లాడలేదు. మర్నాడు వీధి చివర అతను ఎదురైతే తనే తల దించుకున్నారట. అది విన్నప్పుడు మాత్రం నాకు కోపం ఆగలేదు. తప్పు ఎవరిది, తల దించుకున్నదెవరు?

సామాన్లకి వచ్చినప్పుడు 30 వేలు ఫోన్‌పే చేశాడు. మిగతాది ‘దసరాకి’ అన్నాడు. దసరా వెళ్లిపోయింది.

కొత్త మేస్త్రీ వాటర్‌ప్రూఫింగ్ చేసి, స్లాబ్ మీద మడి కట్టి రెండ్రోజులు నీళ్లు నిలబెట్టాడు. చుక్క కారలేదు. అమ్మకి బాత్రూమ్‌లో పట్టుకోవడానికి రాడ్ కూడా పెట్టించాం.

ఇక మిగిలింది 25 వేలు. 5 లక్షల లోపు వ్యవహారమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు, వేయడానికి రెండేళ్ల గడువుంది. నాన్న వదిలేయమంటున్నారు. కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి బీరువాలో ఉంచాను.