కరణదోషమా, కర్తృదోషమా?

ప్రతి కర్మసిద్ధికీ ఐదు కారణాలను భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయం నిరూపించింది: అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. పని చెడినప్పుడు మానవుని దృష్టి మొట్టమొదట కరణంపైనే పడుతుంది. వ్రాత చెడితే కలం, వంట చెడితే పొయ్యి, నాదం చెడితే వేణువు. కరణం జడపదార్థం, ఎదురు చెప్పదు. కనుక దానిని మార్చడం సులభం. అయితే ఆ ఐదింటిలో కరణాన్ని కూడ భగవానుడే చేర్చాడన్న సంగతి మరువరాదు. దోషం యథార్థంగా కరణంలోనే ఉండే సందర్భాలు లేకపోలేదు.

కోనసీమలోని ఒక వేణుగోపాలస్వామి ఆలయంలో పదునొకండు సంవత్సరాలుగా ఏకాంతసేవ వేళ, ధనుర్మాసంలో ప్రాతఃకాలాన కూడ వేణువు వాయించే భక్తుడొకడున్నాడు. కొబ్బరి వర్తకుని వద్ద పద్దులు వ్రాయడం అతని జీవిక. వేణువు అతని కైంకర్యం. అభ్యాసదశలో కొన్ని వందల రూపాయలకు కొన్న ఐదు శ్రుతి వెదురు వేణువే ఇన్నేళ్లూ అతని చేతిలో ఉన్నది. కొంతకాలంగా మంద్రస్థాయిలో స్వరంతోపాటు గాలి చప్పుడు వినవస్తున్నది. తారస్థాయిలో పంచమం నిలవడం లేదు. తారషడ్జం శ్రుతితో కలియడం లేదు. సన్నిధిలో అపస్వరం పలుకుతున్నానన్న వ్యథ అతనిని సేవ విరమించుకొనే ఆలోచన దాకా తెచ్చింది. విద్వాంసులు కచేరీలకు వాడే వేణువు కొనవలెనని, కుమార్తె చదువుకై దాచిన సొమ్ములోనుండి కొన్ని వేలు తీసుకొని గురువు వద్దకు వెళ్ళాడు.

గురువు వృద్ధుడు. ధర మాట ఎత్తలేదు. శ్రుతిపెట్టె మ్రోగించి, శిష్యుని వేణువును తాను వాయించాడు. తన వేణువును శిష్యుని చేత వాయింపజేశాడు. కర్తను, కరణాన్ని వేరుచేసి చూడడానికి ఇంతకంటె శాస్త్రీయమైన పరీక్ష దొరకదు. శిష్యుని వేణువుపై గురువు మంద్రం స్వచ్ఛంగా పలికింది. గురువు వేణువుపై శిష్యుని మంద్రం అదే గాలి చప్పుడుతో పలికింది.

“నాయనా, ఈ గాలి నీ పెదవిది. సందు తగ్గించు” అన్నాడాయన.

తారపంచమం విషయమూ అంతే. ఊపిరికి బలం చాలలేదు. తారషడ్జం దగ్గర మాత్రం ఆయన ఆగిపోయాడు. శిష్యుని వేణువుపై అది ఆయనకు సైతం హెచ్చుగానే పలికింది. ముఖరంధ్రాన్ని లోనికి త్రిప్పితేగాని శ్రుతిలో కలియలేదు. మూసిన కొనకు, ముఖరంధ్రానికి నడుమ ఎడం, నాళపు వ్యాసం పరస్పరం పొసగని వేణువులో రెండు స్థాయిల షడ్జాలు ఏకం కావు. “ఇది దీని తప్పే. ఇన్నాళ్ళూ పెదవి త్రిప్పి సర్దుకొన్నావు. ఆ సర్దుబాటే నీ పెదవిని చెరిచింది” అన్నాడు.

ధనుర్మాసపు ఉదయాలలో శ్రుతి తగ్గుతున్నదన్న ఫిర్యాదు మరొకటి మిగిలింది. చలిగాలిలో ఏ వేణువైనా శ్రుతి కొంత దిగుతుంది. ఊపిరి సోకి లోపలి గాలి వేడెక్కిన కొలదీ పైకి వస్తుంది. ఎంత ధర పోసినా ఇది తప్పేది కాదు. ఇది ఐదవ కారణం పాలు.

దోషాలలో అధికభాగం తనవేనని తెలిసిన శిష్యుడు, “అయితే గురువుగారూ, నాకింకా అర్హత రాలేదు. పాతదే చాలును” అన్నాడు. ఈ మాట వినయంగా తోచినా గురువు అంగీకరించలేదు. దోషం తెలిసిన పిమ్మట కూడ దానినే పట్టుకొని కూర్చోవడం వైరాగ్యమనిపించుకోదు; అది తమోగుణం. వేదాంతంలో అధికారి అంటే సర్వం సాధించినవాడని అర్థం కాదు. లోటును గుర్తించి, దానిని దాటగోరువాడు. పన్నాలాల్ ఘోష్ (1911–1960) 32 అంగుళాల దీర్ఘవేణువును వాడుకలోనికి తెచ్చింది ప్రదర్శనకు కాదు. గాత్రంలో వినిపించే రాగగాంభీర్యాన్ని చిన్న వేణువు మోయజాలదని ఆయన చెవి ముందే గ్రహించింది. అవసరం చెవిలో పుట్టిన తరువాతనే వెదురు వెదకబడింది.

అంగడిలో వేణువులకు అభ్యాసస్థాయి, కచేరీస్థాయి అన్న తారతమ్యం ఉన్నది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో వేణువులను ముఖరంధ్రానికి, తొలి స్వరరంధ్రానికి నడుమ ఉన్న అంగుళాలను బట్టి ఏకవీరం, ఉమాపతి, త్రిపురుషం, చతుర్ముఖం ఇత్యాదిగా విభజించాడు. అక్కడ భేదం కొలతది. వెదురుతోపాటు చండ్ర, చందనం, దంతం, వెండి, బంగారాలను కూడ ఆ గ్రంథం పేర్కొన్నది. బోలుగా ఉండడమే వేణువు భాగ్యమని ప్రవచనాలలో తరచు వింటాము. బోలుతనం అన్ని వెదుళ్ళకూ ఉన్నది! లోపలి గోడ నునుపుగా, నాళం సమంగా ఉన్న వెదురు ఏ కొన్నింటికో దొరుకుతుంది, విలువంతా అక్కడ.

గురువు శిష్యుని వెంట వేణువులు చేసేవాని వద్దకు వెళ్ళాడు. రంగుదారాల కట్లతో మెరిసే అధికమూల్యపు వేణువు ప్రక్కన పెట్టబడింది. రెండు షడ్జాలూ పెదవి త్రిప్పకుండ కలిసిన సాదా వేణువు ఒకటి సగం సొమ్ములో వచ్చింది. మిగిలినది కుమార్తె ఖాతాకు తిరిగి చేరింది.

క్రొత్తదానిలో రంధ్రాల ఎడం కొంచెం వేరు కనుక, వ్రేళ్ళు కుదిరే దాకా సన్నిధిలో పాతదే వాయించమని గురువు ఆదేశం. ఏకాంతసేవ లాలికి నవరోజు రాగాన్ని నియమించాడు. ఆ రాగం మంద్రపంచమం నుండి మధ్యపంచమం వరకే సంచరిస్తుంది. తారషడ్జం జోలికి పోదు.