మ్యాపు దారి చెప్పింది, అవ్వ ఆపింది



పోయిన కార్తీకమాసంలో మేము ఆరుగురం హోసూరు నుంచి సైకిళ్ళ మీద బయలుదేరినాము. మత్తిగిరి, కెళమంగలం, దెంకణికోట, తళి చూసుకుని తిరిగి ఇంటికి రావాలని లెక్క. మాలో పెద్దాయనకు అరవై దాటినాయి. చిన్నవాడు అప్పుడే పదో తరగతి ముగించినవాడు. ఆ ప్రయాణం గురించి రాయమని చాలామంది అడిగినారు. ముఖ్యంగా, "సెల్‌ఫోను చూసుకుంటూ సైకిలు ఎట్లా తొక్కుతారప్పా?" అని.

ముందు ఆ సంగతి చెప్పేస్తాము. ఫోనుకు దారి తెలియాలంటే సిగ్నల్ ఉండాలని అందరూ అనుకుంటారు. జీపీఎస్‌కు సిమ్ముతో పని లేదు. అది ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలు పట్టుకుని మనం ఎక్కడ ఉన్నామో చెబుతుంది. నెట్టు కావలసింది మ్యాపు బొమ్మకు. దాన్ని ముందురోజు రాత్రే ఇంట్లో దింపుకుంటే అడవి అంచున కూడా దారి కనబడుతుంది. ఆస్మ్‌అండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి ఆప్‌లు ఇట్లాంటి పనికే ఉన్నాయి.

ఇక బ్యాటరీని ఎక్కువగా తినేది తెర వెలుగు. అందుకని తెర ఆర్పేసి, మలుపు వచ్చినప్పుడు గొంతు మాత్రం వినబడేటట్టు పెట్టుకున్నాము. అందరి ఫోన్లూ ఒకేసారి వాడలేదు. ఒకటి హ్యాండిలు మీద, ఇంకొకటి ఆపి సంచిలో, ఒక పవర్ బ్యాంకు పెద్దాయన దగ్గర. ఆయన వీటన్నిటితోపాటు ఊళ్ళ పేర్లు వరుసగా రాసిన చీటీ ఒకటి జేబులో పెట్టుకున్నాడు. మేము నవ్వినాము.

దారి పొడుగునా నవ్వించింది ఆ ఫోను గొంతే. మ్యాపులో మన ఊళ్ళ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. ఆ అక్షరాల్లో ద, డ రెండూ ఒకటే. ల, ళ రెండూ ఒకటే. ఇంక గొంతుకేం తెలుస్తుంది? మదగొండపల్లిని అది పలికిన తీరుకు మా చిన్నవాడు సైకిలు దిగి మరీ నవ్వినాడు. వాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. బడిలో తమిళం, ఇంగ్లీషు. మన పిల్లల్లో చాలామంది కథ ఇదే కదా.

దెంకణికోటలో బేటరాయస్వామికి దండం పెట్టుకుని తళి వైపు తిరిగినాక ఒక చీలిక వచ్చింది. మ్యాపు అడవి అంచు బాట చూపింది. దగ్గరి దారి, బండ్లు తిరగవు, నీడ ఉంది. సైకిలుకు ఇంతకంటే ఏం కావాలి? ముందున్నవాళ్ళము తిప్పేసినాము. పెద్దాయన వెనకబడినాడు.

చేని గట్టున ఒక అవ్వ కూర్చుని ఉంది. మా చిన్నవాడికి ఏమి తోచిందో, సైకిలు ఆపి, "అవ్వా, ఈ దోవ తళికి పోతుందా?" అని అడిగినాడు.

అవ్వ వాణ్ణి ఎగాదిగా చూసింది. "పోతుంది నాయనా. కానీ మీరు పోవద్దండి. రెయ్యి రాగిచేన్లో ఏనుగలు పడినాయి. ఇంకా అడివెక్కలేదు."

అప్పుడు చూసినాము. ఆమె వెనక చేను సగం తొక్కి పడి ఉంది.

బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగులు రాగి పంట వేళకు జవళగిరి, తళి అడవులకు వస్తాయని మనలో ఎవరికి తెలియదు? ఇక్కడి అడవిలో చాలా భాగాన్ని 2014లో కావేరి ఉత్తర అభయారణ్యంగా ప్రకటించినారని కూడా మేము ఎరుగుదుము. ఎరిగీ, చేతిలో మ్యాపు ఉండేసరికి మరిచినాము. మ్యాపుకు బాట తెలుసు. రాత్రి ఆ బాట మీద ఎవరు నడిచినారో తెలియదు.

వెనక్కి తిరిగి పెద్దదారిన పోయినాము. టీ అంగడిలో రాత్రంతా చేలకు కావలి కాసి వచ్చినవాళ్ళు కండ్లు ఎర్రగా చేసుకుని కూర్చుని ఉండారు. "అవ్వ చెప్పింది మంచిదాయె" అన్నారు, అంతే. మా చిన్నవాడు ఆ పూట మళ్ళీ నవ్వలేదు. కొంతసేపటికి, "ఆ అవ్వ ఊరి పేరు మ్యాపులో లేదు. ఎట్లా రాయాలి?" అని అడిగినాడు.

ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఒకటి ఉంది. దాన్ని ఎవరైనా సరిదిద్దవచ్చు. ప్రతి ఊరికీ తెలుగు పేరు రాయడానికి ప్రత్యేకంగా చోటు ఉంది. వేరే మ్యాపుల నుంచి ఎత్తి రాయకూడదు; ఊరికి పోయి, అక్కడివాళ్ళను అడిగి రాయాలి. పల్లి, దొడ్డి, కొండ అని మన పెద్దలు పెట్టిన పేర్లను వాళ్ళు పలికినట్టే రాయాలి.

అవ్వ ఊరి పేరు మేము మళ్ళీ పోయి అడిగి వచ్చినాము. చిన్నవాడే తన చేత్తో ఎక్కించినాడు. అందుకోసం వారం రోజులు పెద్దాయన దగ్గర అక్షరాలు దిద్దినాడు. పేరులో ఒక 'ళ' ఉంది. దాని దగ్గర రెండుసార్లు తప్పి, మూడోసారికి సరిగా రాసినాడు.

మీరూ ఎక్కడికైనా సైకిలెక్కితే ఫోను తీసుకుపోండి, మ్యాపు ముందే దింపుకోండి. చీలిక దగ్గర మాత్రం దిగి, తెలుగులో ఒక మాట అడగండి. మన మాటకు ఇంకా జవాబు చెప్పేవాళ్ళు ఉండారు. వాళ్ళు ఉండగానే ఆ పేర్లు అడిగి రాసుకుందాము.