నిశ్వాసానికీ ఒక విద్య ఉంది



మాసియో పార్కర్ శాక్సఫోన్ వాదనను ఎన్నడైనా ఆలకించారా? 1943లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, కిన్‌స్టన్ పట్టణంలో జన్మించిన ఈ విద్వాంసుడు, 1964లో డ్రమ్స్ వాయించే సోదరుడు మెల్విన్‌తో కలిసి జేమ్స్ బ్రౌన్ బృందంలో చేరారు. అనంతరం జార్జ్ క్లింటన్, ప్రిన్స్ బృందాలలోనూ వాయించారు. డెబ్బయ్యేళ్లు దాటిన పిదప కూడా వేదికలెక్కారు.

ఫంక్ సంగీతంలో ఆయన ముద్ర పొట్టి స్వరం. ఆల్టో శాక్సఫోన్‌ను మృదంగం వలె తాళంపై పలికిస్తారు.

అలాంటి స్వరాలు విన్నవారు ఊపిరి కూడా ముక్కలవుతున్నదని భావిస్తారు. వాస్తవం వేరు. ఉదర కండరాలు గాలిని నిలకడగా నెడుతూనే ఉంటాయి. నాలుక కొన రీడ్‌ను తాకి స్వరాన్ని ఆపుతుంది. తెగేది స్వరమే, శ్వాస కాదు.

వైద్యునిగా నేను రోగులకు "గట్టిగా గాలి పీల్చండి" అని ఎన్నోసార్లు చెప్పాను. వదలడం గురించి తక్కువగా చెప్పాను. అది నా లోపమే. సీఓపీడీ ఉన్నవారికి అసలు కష్టం నిశ్వాసంలోనే ఉంది. వాయునాళాలు ఇరుకై, గాలి ఊపిరితిత్తులలోనే చిక్కుబడుతుంది.

అట్టివారు ముక్కుతో పీల్చి, ఈల వేయబోతున్నట్లు పెదవులు కుదించి, పీల్చినదానికి రెట్టింపు సమయం తీసుకుని మెల్లగా వదలాలి. బలవంతంగా ఊదరాదు. ఆయాసం కొంత ఉపశమిస్తుంది. అయితే ఇది మందులకు బదులు కాదు. పొగ మానకుండా ఫలితం ఆశించరాదు.

పీల్చడం ప్రకృతి నేర్పుతుంది. చక్కగా వదలడం మాత్రం మనమే అభ్యసించాలి.