అన్నం చల్లార్చడమూ చదువే

కమర్షియల్ కుకరీ చదవడానికి మెల్‌బోర్న్ వెళ్తున్నానని చెప్పినప్పుడు మా పెదనాన్న, "వంట నేర్చుకోడానికి సముద్రాలు దాటాలట్రా?" అన్నారు. ఇక్కడ కుకరీ చదివే తెలుగు పిల్లల్లో చాలామంది ఇంటివాళ్లు చుట్టాలకు "మావాడు హోటల్ మేనేజ్‌మెంట్" అనే చెప్పుకుంటారు. ఆ మొహమాటం నాకు బాధ కలిగిస్తుంది.

నేను చదివింది లా ట్రోబ్ స్ట్రీట్‌లోని విలియం ఆంగ్లిస్ ఇన్‌స్టిట్యూట్‌లో. మాంసం వ్యాపారంలో పైకొచ్చిన ఆంగ్లిస్ పేరిట 1940లో మొదలైన బడి అది. కూరగాయలు తరగడం, స్టాకు కాయడం, సాస్‌లు, ప్లేటుకు ఖర్చెంత పడుతుందో లెక్కకట్టడం, అన్నీ నేర్పారు. నా మనసులో నాటుకున్నది మాత్రం అన్నం పాఠం.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. అన్నం ఉడికినా అవి చావవు. గోరువెచ్చగా గంటల తరబడి వదిలేస్తే మొలకెత్తి, పెరిగి, విషాన్ని పుట్టిస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుకే వండిన అన్నాన్ని దాచాలంటే 60 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, అక్కణ్ణుంచి 5కి మరో నాలుగు గంటల్లో దించాలి. గుండిగలోనే ఉంచేస్తే అంచులు చల్లబడినా నడుమ అన్నం పొగలు కక్కుతూనే ఉంటుంది. అందుకని వెడల్పాటి స్టీలు ట్రేలలో పలచగా పరిచేవాళ్లం. మధ్యలో థర్మామీటరు గుచ్చి, డిగ్రీలూ టైమూ రిజిస్టర్లో రాసి సంతకం పెట్టేవాళ్లం. పులిహోరకు అమ్మ కూడా అన్నాన్ని బేసిన్లో ఆరబోస్తుంది, మెతుకు విడివిడిగా రావాలని. మేం ఆరబోసింది మాత్రం ముక్కూమొహం తెలియని వందలమంది ఆరోగ్యం కోసం.

మన రెండు రాష్ట్రాల హాస్టళ్లలో భోజనం చేసిన పిల్లలు ఆసుపత్రి పాలయ్యారన్న వార్త చదివిన ప్రతిసారీ ఆ రిజిస్టరే గుర్తొస్తుంది. కారణం ఒక్కోచోట ఒక్కోటి కావచ్చు. కానీ అంతమందికి వండే మనిషికి ఈ చదువు చెప్పించామా, ఒక థర్మామీటరైనా కొనిచ్చామా అనిపిస్తుంది. మందులిచ్చే మనిషికి చదువుండాలని పట్టుబడతాం. మూడుపూటలా తిండి పెట్టే మనిషికి అక్కర్లేదా?

ఈ చదువు తేలికేం కాదు. కమర్షియల్ కుకరీలో సర్టిఫికెట్ త్రీ చేతికి రావాలంటే తరగతులతో పాటు కనీసం 48 సర్వీసుల్లో కుక్‌గా పనిచేసి చూపించాలి. టిఫిన్ల వేళ, భోజనాల వేళ, విందుల్లో, అన్నిచోట్లా. నిలబడి నిలబడి పిక్కలు పట్టేస్తాయి. అయినా ఆర్డర్లు ఒక్కసారిగా వచ్చిపడే రాత్రి, చివరి ప్లేటు కూడా మొదటి ప్లేటు రుచితోనే వెళ్లిందంటే ఆ సంతోషమే వేరు.

వీసా కోసమే ఈ కోర్సు తీసుకుందామనుకునేవాళ్లు ఒక్కసారి ఆగి ఆలోచించండి. వంట మీద ఇష్టం ఉన్న పిల్లలుంటే పంపండి. డబ్బు కట్టేముందు బ్రోచర్ కాదు, కిచెన్ చూపించమని అడగండి. ఎంతమందికి ఒక స్టవ్, ఆ 48 సర్వీసులు ఎక్కడ చేయిస్తారు, చల్లార్చేటప్పటి డిగ్రీల రిజిస్టర్ విద్యార్థుల చేత రాయిస్తారా? వీటికి సూటిగా జవాబివ్వలేని కాలేజీలో చేర్చకండి.