నాన్న కట్టిన తీగ

పదిహేనేళ్ల కిందట మణుగూరు నుంచి ఏటూరునాగారం వెళ్లే అడవి దారిలో, ఓ మలుపు దగ్గర బండి మీంచి జారిపడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాను. ఆనాటి నుంచీ నాన్న నా బండి ఊసెత్తలేదు. మొన్న అదే ఇంటి వాకిట్లో నా పాత పల్సర్ విప్పుతూ కూర్చున్నా. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల రేసు ట్రాక్ ఉంది. దాని మీద ఒక్కరోజు నడపాలని ఎప్పట్నుంచో కోరిక.

''అద్దాలు పీకేస్తే వెనకొచ్చే లారీ ఎట్టా కనపడుద్దిరా?'' అంది అమ్మ.

అక్కడ లారీలుండవమ్మా, ఎదురొచ్చే బండే ఉండదన్నా. నమ్మలేదు.

ట్రాక్ అనగానే ఇంజిన్ జోరు పెంచడమే అనుకుంటాం (నేనూ అలాగే సైలెన్సర్‌కి డబ్బు తగలేశాను). నిజానికి తీసేసేవే ఎక్కువ. అద్దాలు, ఇండికేటర్లు, మలుపులో ఒరిగితే నేలకి తగిలే స్టాండ్లు. పగిలినా గాజు రాలకుండా హెడ్‌లైట్‌కి టేపు. బ్రేక్ ఆయిల్ కొత్తది పోయాలి. పాతది చెమ్మ పీల్చుకుని ఉంటుంది, వేడికి మరిగితే బ్రేకు పట్టదు.

చివర్లో ఇంజిన్ ఆయిల్ బోల్టు. దాని తలకి బెజ్జం వేసి తీగతో కట్టాలి. అది ఊడి ఆయిల్ కారితే జారిపడేది వెనకొచ్చేవాడు. నేను కడుతుంటే, ఓపెన్‌కాస్టు గనిలో డంపర్లు బాగుచేసి రిటైరైన నాన్న వచ్చి వంగి చూశారు.

''తిరకాసుగా కట్టావ్. తీగ ఎప్పుడూ బోల్టుని బిగించే వైపే లాగాలి.''

నా చేతిలోంచి కటింగ్ ప్లేయర్ తీసుకున్నారు. తీగ విప్పి, మళ్లీ పురిపెట్టి కట్టారు. చేతులు తుడుచుకుంటూ లేచి, ''హెల్మెట్ ఏదీ, ఇట్లా తే'' అన్నారు.