తాతయ్య ఫొటో

‘‘ఒరే అబ్బాయ్‌, నా బొమ్మ బాగా పడిందా?’’

2012లో తాడేపల్లిగూడెంలో మా బాబాయి కూతురి పెళ్లిలో తాతయ్య అడిగిన మాట ఇది. ‘‘బ్రహ్మాండంగా పడింది తాతయ్యా. కడిగించి తెస్తాగా’’ అన్నాను. చేతిలో కెమెరా తెర మీద ఉన్నదేమిటో నాకొక్కడికే తెలుసు. నల్లటి చీకటి. అందులో తెల్లగా ఓ కండువా అంచు. అంతే!

అప్పటికి జర్నలిజం డిప్లొమా చేతికొచ్చి ఎన్నాళ్లో కాలేదు. కొత్త కెమెరా, కొత్త సరదా. ‘వేదిక మీద సంగతి ఫొటోగ్రాఫర్‌ చూసుకుంటాడు. కింద మనవాళ్ల ఫొటోలు నువ్వు తియ్యి’ అంది పిన్ని. ఫ్లాష్‌ని కెమెరా మీదే ఉంచి ఎదురుగా కొడితే మొహాలు జిడ్డోడుతూ, గోడకి అంటించినట్టు పడతాయి. అదే పక్కనుంచి వెలుగొస్తే ముడతల్లో కూడా అందం కనిపిస్తుంది. అందుకని ఫ్లాష్‌ని స్తంభం పక్కన స్టాండు మీద పెట్టాను. దాని కింద కొన్ని వందలు పెట్టి కొన్న ‘స్లేవ్‌’ అనే చిన్న బుడిపె. కెమెరాకున్న సొంత ఫ్లాష్‌ని బాగా తగ్గించి, సైగకి మాత్రం వాడుకున్నాను. ఇంట్లో యాభైసార్లు నొక్కితే యాభైసార్లూ వెలిగింది.

ముహూర్తం వేళకి గట్టిమేళం మోగింది. మోకాళ్ల నొప్పులతో వేదిక ఎక్కలేని తాతయ్య, మా నాన్న భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడు. పిడికిట్లో అక్షింతలు. నేను కెమెరా ఎత్తాను. నాతోపాటు మరో పాతికమంది చుట్టాలూ ఎత్తారు. ఆ రోజుల్లో ప్రతి చేతిలో ఓ చిన్న డిజిటల్‌ కెమెరా! వాళ్లలో ఎవరు నొక్కినా స్తంభం పక్కనున్న నా ఫ్లాషే ముందు వెలిగేది. నేను నొక్కేసరికి అది మళ్లీ ఛార్జి ఎక్కుతూ గుడ్లప్పగించి చూస్తోంది.

రెండు నెలలకి తాతయ్య పోయాడు. పెద్దకర్మ నాడు పటం కట్టించడానికి ‘ఆ పెళ్లి ఫొటో ఉందిగా’ అన్నారెవరో. నేను పెరట్లోకి వెళ్లిపోయాను.

ఆ తర్వాత ఏలూరులో ఓ స్టూడియో ఆయనకి ఈ సంగతి చెప్పుకున్నాను. పెళ్లిళ్లు తీసీ తీసీ జుట్టు నెరిసిన మనిషి. ‘‘ఫ్లాష్‌ తప్పేముందండీ? మీరు కొన్నదానికి కన్నే తప్ప చెవి లేదు’’ అన్నాడు నవ్వుతూ.

ఆ ఒక్క మాటతో సగం చదువు అయిపోయింది. స్లేవ్‌కి ఉన్నది కన్ను. ఏ మెరుపు కనిపించినా అది మనదే అనుకుంటుంది. ఇన్‌ఫ్రారెడ్‌ రకం మన టీవీ రిమోట్‌కి చుట్టం. మనిషి అడ్డొస్తే పలకదు, ఎండలో దాదాపు గుడ్డిది. రేడియో ట్రిగ్గర్‌కి మాత్రం చెవి ఉంటుంది. కెమెరా మీద ఒకటి, ఫ్లాష్‌ దగ్గర ఒకటి. స్తంభం అడ్డున్నా, జనం అడ్డున్నా పిలిస్తే వినే అవకాశం ఎక్కువ. పక్క ఫొటోగ్రాఫర్‌దీ అదే రకమైతే? అందుకే చానళ్లు ఉంటాయి. ఆయన ఒకటిలో ఉంటే మనం మూడులోకి మారిపోవడమే.

‘‘ఖరీదైనదే కొనాలా?’’ అన్నాను. ‘‘మీ పనేంటో చెప్పండి ముందు’’ అన్నాడు. కూర్చోబెట్టి తీరిగ్గా తీసే ఫొటోలకి ‘వెలుగు’ అని చెప్పే మామూలు ట్రిగ్గర్‌ చాలు. వెలుగెంతో ఫ్లాష్‌ మీద మనమే పెట్టుకోవచ్చు. దూరాలు క్షణక్షణం మారే పెళ్లిళ్లకైతే వెలుగుని తానే లెక్కగట్టే టీటీఎల్‌ రకం సుఖం. అయితే అది మన కెమెరా కంపెనీకి సరిపోయేదే కావాలి. నికాన్‌ది క్యానన్‌ మీద లెక్క చెప్పదు. షట్టర్‌ వేగం కూడా చూసుకోవాలి. చాలా కెమెరాల్లో సెకనులో రెండొందలో వంతు, రెండొందల యాభయ్యో వంతు దాటితే ఫొటోలో ఓ పక్క నల్ల పట్టీ పడుతుంది. అది దాటాలంటే హైస్పీడ్‌ సింక్‌ ఉండాలి. ఇక అటక మీది పాత ఫ్లాష్‌లతో జాగ్రత్త. కొన్నింటి కాంటాక్టులో రెండొందల వోల్టులు దాటి ఉంటుంది, కొత్త కెమెరాలు తట్టుకోలేకపోవచ్చు.

‘‘అన్నిటికన్నా ముఖ్యం... అది మామూలు పెన్సిల్‌ సెల్లుతో నడుస్తుందా లేదా చూడండి. పల్లెటూళ్లో రాత్రి తొమ్మిదింటికి కిళ్లీకొట్టులో దొరికేది అదే’’ అన్నాడు. ఏ పుస్తకంలోనూ ఈ ముక్క నాకు కనపడలేదు.

ఆయన మాట విని మామూలు రేడియో ట్రిగ్గరే కొన్నాను. పరీక్షకి కొల్లేరు వెళ్లాను. ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతుల్ని కళ్లతోనే చూశాను. పిల్లల్ని సాకే పక్షుల మీద ఫ్లాష్‌ కొట్టడం పాపం. అక్కణ్నుంచి చేపలోళ్ల రేవుకి వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. దోనెలో ఓ పెద్దాయన వల సర్దుకుంటున్నాడు. వెనక ఆకాశమంతా బంగారం, మనిషి మాత్రం మసిబొగ్గు. తీసుకోవచ్చా అని అడిగితే తలూపాడు. ఆయన మనవడి చేతికి ఫ్లాష్‌ ఇచ్చి గట్టు మీద నిలబెట్టాను. వాడు దాన్ని తడినేలకి దగ్గరగా దించి పట్టుకుంటే మూడింటికి ఒకటి తప్పింది. రేడియో తరంగాల్ని నీరు మింగేస్తుంది. మన ఒంట్లో ఉన్నదీ నీరేగా! వాణ్ని కాస్త పక్కకి జరిపి, ఫ్లాష్‌ని ఓ వెదురుకర్రకి కట్టి పైకెత్తమన్నాను. ఈసారి నొక్కినప్పుడల్లా వెలిగింది. పెద్దాయన నుదుటి ముడతలు, నెరిసిన గడ్డం, వేళ్లకంటిన తడి... అన్నీ పడ్డాయి.

ఇప్పుడు చుట్టాల చేతుల్లో సెల్‌ఫోన్లే. వాటి దీపానికి స్లేవ్‌ అంతగా మోసపోదు. కానీ పెళ్లికి ఇద్దరు ముగ్గురు ఫొటోగ్రాఫర్లు వస్తున్నారు కాబట్టి తంటా తీరలేదు. ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. కొన్న ట్రిగ్గర్‌ని ఇంట్లో కాదు, జనం మధ్య పరీక్షించండి. రెండో అవకాశం ఇవ్వని ముహూర్తానికి దాన్ని తీసుకెళ్లేది ఆ తర్వాతే.

ఆ సాయంత్రం దోనె దిగుతూ పెద్దాయన ‘‘నా బొమ్మ పడిందా బాబూ?’’ అన్నాడు. ఏమీ చెప్పకుండా కెమెరాయే చేతికిచ్చాను. చాలాసేపు చూసుకున్నాడు. వారం తిరక్కుండా ఫొటో కడిగించి, నేనే బస్సెక్కి వెళ్లి ఇచ్చొచ్చాను.