గడ్డి చామంతి

తెలుగువాడికి గడ్డి అంటే ఎందుకో చిన్నచూపు. లంచం పట్టినవాణ్ణి గడ్డి తిన్నాడంటాం. తప్పు చేసినవాడికి గడ్డి పెడతాం. లెక్కలోకి రాని మనిషిని గడ్డిపోచలా తీసిపారేస్తాం. అలాంటి భాషలో ఒక పువ్వుకి 'గడ్డి చామంతి' అని పేరు పెడితే దాని బతుకు ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

నిజానికి అది గడ్డీ కాదు, గాదమూ కాదు. చామంతీ, బంతీ, పొద్దుతిరుగుడూ పుట్టిన కుటుంబంలోనే పుట్టింది. జానెడు సన్నటి కాడ, చివర పసుపుపచ్చని బొడ్డు, చుట్టూ మీగడ రంగు రేకులు నాలుగైదు. ఒక్కో రేకు కొస ఎవరో పంటితో కొరికినట్టు మూడు నొక్కులుంటుంది. శాస్త్రజ్ఞులు పెట్టిన 'ట్రైడాక్స్' అనే పేరులోనూ ఆ మూడు కాట్ల సంగతే ఉంది. మనం ఒక పువ్వనుకునేది అసలొక ఉమ్మడి కుటుంబం. బొడ్డులో ఉన్నవన్నీ బుల్లి పువ్వులే, రేకులనుకునేవీ పువ్వులే. అన్నీ ఒకే కాడ మీద సర్దుకుపోతున్నాయి. మనవల్ల కాలేదు.

దీని పుట్టిల్లు అమెరికా ఖండం. పరదేశపు మొక్క కదా అని మూతి విరిచేవారికి ఒక్కటే మాట. మన పచ్చట్లో మిరపకాయ, పప్పులో టొమాటో, బతుకమ్మలో బంతిపువ్వు ఆ దిక్కునించి వచ్చినవే. ఏమాటకామాటే చెప్పుకోవాలి: ఇదే కుటుంబంలో వయ్యారిభామ కూడా ఉంది. 1950ల మధ్యలో పూణే దగ్గర కంటబడి, దేశమంతా పాకి, ఒంటికి దురదా ఊపిరికి ఆయాసమూ పంచిపెడుతోంది. చెల్లెలి పాపం అక్క నెత్తిన రుద్దకూడదు గదా!

బోయిన్‌పల్లి అంటే లోకానికి కూరగాయల మార్కెట్టు. అక్కడ మిగిలిపోయిన కూరగాయలతో కరెంటు తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధానమంత్రి రేడియోలో చెప్పారు. చెత్తకి అంత మర్యాద దక్కిన ఊళ్ళో మట్టికి మాత్రం చోటు తగ్గిపోతోంది. మా సందులో సిమెంటు రోడ్డు గోడల దాకా వచ్చేసింది. మా అపార్టుమెంటు ప్రహరీ పక్కన నాలుగడుగుల మట్టి మాత్రం మిగిలింది. గడ్డి చామంతి అక్కడ కాపురముంది.

అందులోంచి ఒక తీగ ముక్క తెచ్చి బాల్కనీలో ఖాళీ పెయింటు డబ్బాలో నాటాను. నేలకి ఆనిన కణుపు దగ్గర వేళ్ళు దిగుతాయి. ఆ ముక్క చాలు. అడుగున నాలుగు బెజ్జాలు, పైన మంచి ఎండ, మట్టి ఆరాక ఇన్ని నీళ్ళు. ఎరువు అక్కర్లేదు. పువ్వు వాడి దూదిలా విచ్చుకోకముందే తుంచెయ్యాలి. లేకపోతే గింజలు ఈకల గొడుగులేసుకుని ఇరుగుపొరుగు కుండీల్లోకి చుట్టరికానికి వెళతాయి. పొలంలో రైతు దీన్ని కలుపు కింద పీకేస్తే తప్పు పట్టను. ఆయన తిండి ఆయన కాపాడుకోవాలి. బాల్కనీలో నేనేం పంట తీస్తున్నాను?

"పిచ్చిమొక్కకి కుండీ ఏమిటండీ, నవ్విపోతారు!" అంది మా ఆవిడ. వారం తిరక్కుండా గోరంత నీలి సీతాకోకచిలుకలు రెండు వచ్చి వాలాయి. అంతే, మర్నాటినించి నీళ్ళు తనే పోస్తోంది.

ఇంతలో అసోసియేషన్ మీటింగు పెట్టారు. ప్రహరీ పక్క మట్టంతా తీసి టైల్స్ వెయ్యాలట. బురద, దోమలు, పాములు అన్నారు. వానినీళ్ళు ఎక్కడ ఇంకుతాయి, బోరుకి ఎక్కణ్ణించి వస్తాయి అన్నాను. ఓటు పెడితే ఎనిమిది మంది టైల్స్ వైపు, ఆరుగురం మట్టి వైపు. చివరికి ఒక చిన్న మడి వదులుతామన్నారు, అందులో 'అందమైన' మొక్కలు మాత్రమే ఉండాలన్న షరతు మీద.

మర్నాడు వాచ్‌మన్ భార్య కొడవలి పట్టుకుని మడి బాగుచేస్తోంది. అన్నీ పీకుతూ గడ్డి చామంతిని వదిలేసింది. ఎందుకమ్మా అన్నాను.

"గిది గాయపాకు సారూ. మా ఊర్ల చిన్నచిన్న దెబ్బలకు గిదే నలిపి పెడ్తరు. పిలగాడు దినాం మోకాలు కొట్టుకొస్తడు. ఎట్ల పీకుత?" అంది.

లోతు గాయమైతే డాక్టరు దగ్గరికే పోవాలి, అది ఆమెకీ తెలుసు. కానీ పద్నాలుగు ఇళ్ళలో ఇన్ని డిగ్రీలున్న మేమందరం దాన్ని పిచ్చిమొక్క అంటుంటే, దాని పేరూ పనీ తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె పిల్లవాడు ఆ మాట ఏ మట్టి దగ్గర నిలబడి నేర్చుకుంటాడు?

మడిలో ఏవి ఉండాలో తేల్చడానికి వచ్చే ఆదివారం మళ్ళీ మీటింగు. గడ్డి చామంతి తరఫున మాట్లాడటానికి ఇద్దరం ఉన్నాం. అందులో ఒకరికి ఓటు లేదు.